మూత తియ్యని పెట్టె

మా చర్చిలో కోత పండుగనాడు జరిగే వేలంపాటకి రెండు నియమాలున్నాయి. పాటకొచ్చిన పెట్టె మూత తియ్యకూడదు. పెట్టె మీద ఇచ్చినవాళ్ల పేరు ఉండకూడదు. రెండూ పెట్టింది మా నాయన దావీదే. దేవుడికిచ్చినదాన్ని మూత తీసి, వేలితో నొక్కి చూసి బేరమాడే హక్కు మనకెక్కడిదంటాడు. పేరు రాసుకుంటే ఊరికి తెలుస్తుంది, రాసుకోకపోతే దేవుడికి తెలుస్తుంది, ఎవరికి తెలియాలో మీరే చూసుకోండంటాడు. ఆయన సంఘపెద్ద. ఆ మాటలకి ఎదురు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. పోయిన మే నెలలో మాకే వచ్చింది.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దోవలో, సముద్రపు గాలి తగిలే ఊరు. ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. కోత పండుగకి వరి పండించేవాళ్లు ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తారు. గుంటలవాళ్లు థర్మాకోల్ పెట్టెల్లో ఐసు పోసి రొయ్యలు తెస్తారు, మూత కదలకుండా చుట్టూ టేపు వేసి. అన్నీ చర్చిలో వేదిక మీది బల్ల ముందర వరసగా పెట్టినాక పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. తర్వాత వేలం. వచ్చింది చర్చి పనులకి పోతుంది. నాకు ఊళ్లో రొయ్యల మేత కొట్టుంది. సంఘానికి కోశాధికారిని కూడా నేనే కాబట్టి చర్చి వెనక గది తాళం నా దగ్గరే ఉంటుంది. నా పేరు సుశీల్ కుమార్. నా భార్య లిల్లీ, కూతురు కెజియా, కొడుకు జోయెల్, మా నాయన. ఇదీ మా ఇల్లు.

కెజియా ఈ ఏడు పదో తరగతి రాసింది. ఫలితాలొచ్చిన రోజు నెట్టు నెమ్మదిగా ఉండి, ఫోనులో చక్రం తిరుగుతా ఉంటే ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా తాగలేదు. ముందుగా చూసింది జోయెల్. వాడు ఎనిమిదిలో ఉన్నాడు. మొహం వేలాడేసుకోని వచ్చి, "సోషల్ పోయిందక్కా" అన్నాడు. కెజియా నిలబడినచోటే గోడకానుకోని కిందకి జారి కూర్చుంది. లిల్లీ వాడి చేతిలో ఫోను లాక్కోని చూసి, ఆ చేత్తోనే వీపు మీద ఒకటిచ్చింది. అన్నింటిలోనూ మంచి మార్కులే. సోషల్లోనే అన్నిటికంటే ఎక్కువ. ఏడ్చేదానికి సిద్ధమైన పిల్ల ఆ ఏడుపుని ఏం చేసుకోవాలో తెలియక నవ్వింది.

మా నాయన అప్పటిదాకా తన గదిలో మోకాళ్ల మీద ఉన్నాడు. సంగతి తెలిసి బయటికొచ్చి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కళ్లు తుడుచుకోని, "ఏం కావాలో అడుగు తల్లీ. ఇస్తా" అన్నాడు.

కెజియా ఆలోచించను కూడా లేదు. "పుట్టినరోజు" అంది.

ఆయన చెయ్యి తల మీద నుంచి మెల్లగా కిందకొచ్చింది. "అది కాకుండా అడుగు" అన్నాడు.

"ఇంకేం వద్దు తాతా" అంది పిల్ల.

మా ఇంట్లో పుట్టినరోజులు చెయ్యరు. ఆ రోజు పొద్దుటి ప్రార్థనలో ఆ మనిషి పేరు మీద ఒక మాట ఎక్కువ ఉంటుంది. అంతే. కేకు లేదు, కొవ్వొత్తి లేదు, చప్పట్లు లేవు. మా నాయన చెప్పే కారణం సంఘంలో అందరికీ నోటికొచ్చు. బైబిల్ వాక్యం మొత్తంలో పుట్టినరోజు చేసుకున్నవాళ్లు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ రాజులే. ఒక విందుకి రొట్టెలు చేసేవాడి ప్రాణం పోయింది. ఇంకో విందుకి ప్రవక్త తల పోయింది. అట్లాంటి పండుగ మనకెందుకు, అని. కెజియా ఏడో తరగతిలో ఉన్నప్పుడే ఈ మాటకి ఎదురు ప్రశ్న వేసింది. ఆ రాజులు చెడ్డవాళ్లు గనక ప్రాణాలు తీసినారు తాతా, వాళ్లు అన్నం కూడా తిన్నారు గదా, మనం అన్నం మానేసినామా, అని. ఆయన జవాబు చెప్పకుండా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. జవాబు లేనప్పుడు మా నాయన కళ్లద్దాలు చాలా శుభ్రంగా ఉంటాయి.

ఆయనకి తన పుట్టినరోజే తెలియదు. గాలివానొచ్చిన ఏడు పుట్టినానంటాడు. ఏ గాలివానో చెప్పలేడు, ఈ తీరానికి అవి తక్కువా. ఆధార్ కార్డులో జులై ఒకటని ఉంది. బళ్లో వేసేటప్పుడు అయ్యవారు అట్ల రాసినాడంట. "మనూళ్లో నా ఈడోళ్లు సగంమంది ఆరోజే పుట్టినారు. ఆరోజు మంత్రసాని యాడ చాలిందో ఏమో" అంటాడు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వుతాడు.

నాకూ లోపల ఒక అనుమానం ఉంది. డిసెంబరు వస్తే ఇంటి మీద నక్షత్రం కట్టించేది మా నాయనే, సంఘమంతటికీ కేకు తెప్పించి పంచేదీ ఆయనే. అది ఒకరి పుట్టినరోజే గదా. అడిగితే అది వేరంటాడు. వేరే, నేను కాదనను. కానీ దేవుడి బిడ్డ పుట్టినందుకు అంత సంతోషించమన్నవాడు, మన బిడ్డ పుట్టినందుకు కాస్త సంతోషిస్తే ముఖం తిప్పుకుంటాడా? నేను పెద్ద చదువులు చదివినవాణ్ని కాను. ఈ ప్రశ్న పాస్టరుగారి దాకా తీసుకుపోయేంత ధైర్యం కూడా లేదు. జోయెల్‌కి ధైర్యముంది గానీ వాడికి జవాబిచ్చేవాళ్లు లేరు.

ఈసారి కెజియాకి పదహారు నిండే రోజు సరిగ్గా కోత పండుగ ఆదివారమే పడింది. జూన్‌లో ఇంటర్మీడియట్‌కి నెల్లూరు హాస్టలుకి పోతుంది. ఒకసారి హాస్టలుకి పోయిన పిల్ల ఇంటికి చుట్టంగానే వస్తుందని లిల్లీ భయం. పోయేలోపల ఒక్క ముచ్చటైనా తీర్చకపోతే ఎట్లాగని రోజూ నా చెవిలో వేసేది. చివరికి ఇద్దరం ఒక ఏర్పాటు చేసినాం. పండుగ రోజు వేలం అయినాక మా నాయన పెద్దలతో కలిసి సాయంత్రం దాకా చర్చిలోనే ఉండిపోతాడు, ఏటా అంతే. ఆ వేళకి కెజియా స్నేహితురాలు వినీలని, ఇంకో ఇద్దరు పిల్లల్ని ఇంటికి పిలిపించి కేకు కోయించాలి. ఆయన వచ్చేసరికి ప్లేట్లు కూడా కడిగేసుండాలి.

కెజియాకి చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాం. పిల్ల తలుపు పట్టుకోని నిలబడి, "తాత లేకుండానా?" అంది.

"ఉంటే కానిస్తాడా" అన్నాను.

"తాతకి తెలీకుండా చేసేది పుట్టినరోజు ఎట్లవుతుంది నాన్నా. దొంగతనం అవుతుంది గానీ."

తర్వాత సరేలే అంది. కేకు మీద తెల్ల క్రీము ఉండాలని కూడా చెప్పింది. కానీ ఆ మొదటి మాట నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. పిల్ల అడిగింది కేకు కాదు. వాళ్ల తాత చేతుల మీదుగా ఒక పుట్టినరోజు.

శనివారం సాయంత్రం నెల్లూరులో కేకు తీసుకోని బండి మీద వచ్చినాను. దోవ పొడుగునా వడగాలి. ఇంటికి తెచ్చి ఫ్రిజ్జులో పెడదామంటే, మా నాయన మజ్జిగ కోసమని గడియకోసారి ఆ తలుపు తీస్తాడు. కొట్లోకి పోయి ఒక థర్మాకోల్ పెట్టె తీసుకోని, అడుగున ఐసు పోసి, పైన కవరు పరిచి, కేకు అట్టపెట్టెని అందులో కూర్చోబెట్టినాను. మా తీరంలో ఏ వస్తువు చెడిపోకూడదనుకున్నా చేసేది ఇదే, ముందూ వెనకా ఆలోచించం. గోధుమరంగు టేపు అయిపోయుంటే, గుంటల మోటార్ల వైర్లకి చుట్టే నల్లటేపు వేసినాను. తర్వాత పెట్టెని, పండుగ పనులకని పొద్దుట్నుంచి తెరిచే ఉన్న చర్చి వెనక గదిలో కుర్చీల చాటున పెట్టి తాళం వేసినాను. ఊళ్లో అంతకంటే చల్లని గది లేదు. మా నాయన ఫ్రిజ్జు తలుపు తీస్తాడు గానీ ఆ గది తలుపు తియ్యడు.

ఆదివారం తెల్లవారకముందే స్త్రీల సమాజంవాళ్లు జంపకానాల కోసమని తాళం అడిగినారు. ఇచ్చినాను. వాళ్లు తలుపు తీస్తారని తెలుసు. జంపకానాలు ఆ కుర్చీల వెనకే ఉంటాయని తెలియదు.

ఆరాధనకి నేను చేరేసరికి చర్చి నిండిపోయింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. బల్ల ముందర పంట గుట్టలుగా ఉంది. కోడిపుంజు ఒకటి కాళ్లు కట్టినా ఊరుకోకుండా పాటలకి వంత పాడుతోంది. అర్పణల ముందు మా నాయన లేచి ఏటా చెప్పినట్టే ఇవ్వడం గురించి నాలుగు మాటలు చెప్పినాడు. ఈసారి ఒక మాట కొత్తగా కలిపినాడు.

"నిన్న సాయంత్రమే ఎవరో ఒక పెట్టె తెచ్చి, పేరు చెప్పకుండా, కుర్చీల చాటున ఎవరికీ కనపడకుండా పెట్టి పోయినారంట. మన ఆడబిడ్డలు చూసి తెచ్చి ముందు పెట్టినారు. ఇచ్చేదంటే అట్ల ఇవ్వాల. ఆ మనిషెవరో గానీ, నేను సిగ్గుపడతా ఉండా, నాకు కూడా అంత మనసు రాలేదే అని."

సంఘమంతా స్తోత్రం అన్నది. నేను మెడ చాచి చూసినాను. ముందు వరసలో, సరిగ్గా మధ్యలో, నల్లటేపు.

ఆడవాళ్ల పక్క నుంచి లిల్లీ నన్ను చూస్తోంది. ఆమె పక్కన కెజియా. పిల్ల పెట్టెని చూసి, నన్ను చూసి, కొంగు లేదు గనక వాళ్లమ్మ కొంగు లాక్కోని నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అంత దూరం నుంచి తెలియలేదు. అంతలోనే పాస్టరుగారు చేతులు చాచి, ఇక్కడున్న ప్రతిదాన్నీ ప్రభువా నీ సొత్తుగా అంగీకరించమని ప్రార్థన చేసేసినారు.

నేను కళ్లు మూసుకోని ఆలోచించినాను. ఇచ్చేవాడు ఇవ్వాలనుకోకుండా ఇస్తే అది ఇచ్చినట్టా? ప్రార్థన అయిపోయినాక అది నాది అని లేచి నిలబడితే, దేవుడి ముందర నుంచి తీసుకున్నట్టా? పోనీ, ఉన్నదున్నట్టు చెబుదామంటే, సంఘమంతా మెచ్చుకున్న ఆ గొప్ప దాత తన తండ్రికి తెలియకుండా కూతురి పుట్టినరోజు కేకు దాచినవాడని ఇంత పండుగలో చెప్పేది ఎట్లా? నాకు ఒక్కటే దోవ కనపడింది. వేలంలో పాడి కొనుక్కోవాలి. దేవుడిది దేవుడికి చేరుతుంది, కేకు మాకు చేరుతుంది.

వేలం వేసేది సల్మోనన్న. బస్సు కండక్టరుగా చేసి రిటైరయినాడు, గొంతు మాత్రం రిటైరవలేదు. గుమ్మడికాయల్ని, ధాన్యాన్ని, ఆ కోడిపుంజుని చకచకా దించేసినాడు. వేలానికి మా సంఘంవాళ్లే కాదు, ఊళ్లోవాళ్లు చాలామంది వస్తారు. గుంటల చిన్నపోలయ్య ఏటా వస్తాడు. మా కొట్లోనే మేత కొంటాడు. ఆయన దేవుడు పెంచలకోనలో ఉన్నా, మా దేవుడి రొయ్యలు రుచిగా ఉంటాయంటాడు. వచ్చిన రొయ్యల పెట్టెల్లో ఒకటి పాడేసుకున్నాడు కూడా. నల్లటేపు పెట్టెని సల్మోనన్న అన్నిటికంటే చివరికి ఉంచినాడు.

"పెద్దాయన మెచ్చుకున్న పెట్టె. నిండుగా ఉంది. ఎవరు ఎక్కుతారో ఎక్కండి" అన్నాడు.

చిన్నపోలయ్య వచ్చి పెట్టెని రెండు చేతులతో ఎత్తి చూసి, ఎగాదిగా చూసి, కాస్త తేలికగా ఉందే అనుకుంటానే పాట మొదలుపెట్టినాడు. నేను పెంచినాను. ఆయన నా వైపు వింతగా చూసి మళ్లీ పెంచినాడు. నేనూ పెంచినాను. రొయ్యల మేత అమ్ముకోని బతికేవాడికి రొయ్యలెందుకని ఎవరో అనడం, నవ్వులు వినపడినాయి. చిన్నపోలయ్య తగ్గేట్టే ఉన్నాడనుకుంటుండగా ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. మా నాయనది.

ఆయన ఏటా ఒక్క కొబ్బరికాయ పాడుతాడు. పెట్టెల జోలికి ఎప్పుడూ రాలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది. పెంచినాను. ఆయన వెనక్కి తిరగకుండానే పెంచినాడు. ఎవరు పెంచినారో సల్మోనన్న చెబితే అప్పుడు తిరిగి చూసినాడు. నేను చూపు కిందకేసుకోని మళ్లీ పెంచినాను. చర్చి అంతా గొల్లున నవ్వింది. చిన్నపోలయ్య, తండ్రీకొడుకుల మధ్య నేనెందుకని చేతులెత్తేసి కూర్చున్నాడు.

సల్మోనన్న పెట్టె మీద చెయ్యేసి, "మీ ఇద్దరూ దిగేది ఒక స్టేజీలోనే గదా. రెండు టికెట్లెందుకు" అన్నాడు.

"మా అబ్బయ్యకి రొయ్యల మీద ఇంత ఆశ ఉందని నాకు తెలీదు" అన్నాడు మా నాయన, నవ్వకుండా. అని, ఇంకో మెట్టు పెంచినాడు.

ఆడవాళ్ల పక్క నుంచి లిల్లీ దగ్గు వినపడింది. పెంచమనా, ఆపమనా? పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ దగ్గుల్లో తేడా నాకు తెలియదు. కానీ సంఘం ముందర కన్నతండ్రి పాట మీద పాట పాడి ఎంతదూరం పోగలను. కూర్చున్నాను. సల్మోనన్న మూడుసార్లు అరిచి, రైట్ రైట్ అన్నాడు. కేకు మా నాయన సొంతమయింది.

అయినా పెట్టె మా ఇంటికే వస్తుంది గదా అని ఎవరైనా అనొచ్చు. మా నాయన కొన్నది ఏదైనా అక్కడికక్కడే ఎవరికో ఒకరికి ఇచ్చేసి పోతాడు. కొబ్బరికాయ కూడా ఎన్నడూ ఇంటికి రాలేదు. ఈ పెట్టె పాస్టరుగారింటికి పోతుందేమో, అక్కడ మూత తీస్తారేమో అని నేను పెట్టె మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడినాను. ఆయన మాత్రం పెద్దలతో కూర్చోకుండా, లెక్కలు తర్వాత చూసుకుందామని చెప్పి నా దగ్గరికొచ్చి, బండి తియ్యమన్నాడు. లిల్లీ, పిల్లలు అప్పటికే ఆటోలో ఇంటికి పోయినారు.

బండి వెనక ఆయన, ఆయన ఒళ్లో పెట్టె. కొంచెం దూరం పోయినాక నేనే అడిగినాను, ఎన్నడూ లేనిది ఈ పెట్టె ఎందుకు పాడినావు నాయనా, అని.

"పాపకి" అన్నాడు. "రొయ్యల వేపుడంటే చచ్చేంత ఇష్టం గదా దానికి. ఆరోజు అడగమని నేనే చెప్పి, అడిగింది కాదన్నాను. అప్పట్నుంచి నాకు ముద్ద సరిగ్గా దిగలేదురా. హాస్టల్లో దానికి రొయ్యలెవరు పెడతారు. నిన్నడిగితే గుంటలవాళ్ల దగ్గర తెస్తావు, నాకు తెలుసు. నేను కష్టపడి తెచ్చినట్టుండాలని." ఆ వెంటనే, "నువ్వెందుకురా అంత పట్టుబట్టినావు?" అన్నాడు.

అప్పుడు చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచినాను. అంతలో స్పీడు బ్రేకరొచ్చింది, బండి ఎగిరింది. "పెట్టె జాగ్రత్త నాయనా" అని అరిచినాను.

"చచ్చిన రొయ్యలకి ఏమవుతుందిరా" అన్నాడు.

ఇంటి ముందర వినీల స్కూటీ ఉంది. ఆయన లేని వేళకి రమ్మన్న పిల్లలు ముగ్గురూ ముందే వచ్చి హాల్లో కూర్చోనున్నారు. మా నాయనని చూసి ముగ్గురూ ఒకేసారి లేచి నమస్తే తాతా అన్నారు. లిల్లీ నాకు కళ్లతో సైగలు చేస్తోంది. ఆయన అదేమీ గమనించకుండా పెట్టెని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, కోడలిని పిలిచి, వేపుడు చెయ్యమ్మా, ఈ పిల్లలకి కూడా సరిపోతుంది, అన్నాడు. జోయెల్‌ని కత్తి తెమ్మన్నాడు.

నేను చెప్పేలోపల జోయెల్ టేపు కోసేసినాడు. వాడికి ఇటువంటి పనుల్లో ఆలస్యం ఉండదు.

మూత లేచింది. కరిగిన ఐసు, దాని మీద కవరు, కవరు మీద అట్టపెట్టె. అట్టపెట్టె మీద బేకరీవాళ్లు అతికించిన ప్లాస్టిక్ కత్తి, రెండు కొవ్వొత్తులు. ఒకటి, ఆరు. మా నాయన అట్టమూత కొంచెం పైకెత్తి లోపలికి చూసినాడు. తెల్ల క్రీము ఒక పక్కకి ఒరిగింది, స్పీడు బ్రేకరు పుణ్యం. మూత మళ్లీ మూసినాడు. కుర్చీ లాక్కోని కూర్చోని కళ్లద్దాలు తీసినాడు.

"ఇది అక్కడ పెట్టింది ఎవరు?"

"నేనే నాయనా. పెట్టలేదు. దాచినాను."

"ఎవరికి కనపడకుండా?"

"నీకు."

"నాకు కనపడకూడదని దేవుడి ఇంట్లో పెట్టినావా?" అన్నాడు. కళ్లద్దాలు పంచె చెంగుతో తుడిచినాడు. ఇంకోసారి తుడిచినాడు. "నేను దాన్ని సంఘం ముందర లేచి నిలబడి మెచ్చుకున్నాను గదరా" అన్నాడు.

మొదట జోయెల్ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. దాన్ని మింగబోయి మింగలేక, వాడు వంటింట్లోకి పరుగెత్తినాడు. వినీల తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి. మా నాయన మాత్రం నవ్వలేదు. కెజియా వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"తాతా, రొయ్యలు ఎవరికోసం పాడినావు?"

"నీకోసమే."

"ఎందుకు?"

"పాసయినావు గనక."

"పాసయి చాన్నాళ్లయింది గదా. ఈరోజే ఎందుకు?"

ఆయన బల్ల మీది నల్లటేపు ముక్క తీసి వేలికి చుట్టుకున్నాడు. ఫలితాలొచ్చినాక ఎన్ని ఆదివారాలు పోయినాయో, మైపాడు చేపల వాళ్లు ఎన్నిసార్లు మా గుమ్మం ముందర అరుచుకుంటా పోయినారో ఆయనకి తెలుసు, పిల్లకి తెలుసు.

"ఈరోజు కోత పండుగ గదా" అన్నాడు చివరికి.

"ఊఁ" అంది కెజియా. ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి అట్లనే కూర్చుంది.

మా నాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెట్టుకోని పిల్లని కిందా పైనా చూసినాడు, ఎంత ఎదిగిందో అప్పుడే చూస్తున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, ప్రార్థన చేసి అర్పించిందే గదా ఇది, అన్నాడు. అవునన్నాను. నేను పాడి కొన్నదే గదా, అన్నాడు. అవునన్నాను. అయితే మూత తియ్యండి, అన్నాడు.

లిల్లీ ఒరిగిన క్రీముని చెంచాతో సర్ది, కేకుని పళ్లెంలో పెట్టింది. వంటింట్లోంచి వచ్చిన జోయెల్ ఎవరూ చెప్పకముందే కొవ్వొత్తులు గుచ్చి వెలిగించినాడు. మా నాయన వాటి వంక చూసి, ముందు ప్రార్థన, అన్నాడు.

ఇక్కడ ఆయన ప్రార్థన గురించి చెప్పాలి. సృష్టి దగ్గర మొదలవుతుంది. జలప్రళయం దాటుతుంది. దేశాన్ని ఏలేవాళ్లు, సముద్రం మీద ఉన్నవాళ్లు, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లు, వానలు, గుంటలకి తెగుళ్లు, అన్నీ అయినాక అసలు సంగతికి వస్తుంది. సంఘంలో ఆయన్ని ప్రార్థన చెయ్యమంటే తల్లులు చంటిపిల్లలకి ముందే పాలు పట్టి కూర్చుంటారు.

అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన మొదలుపెట్టినాడు. భూమిని ఆకాశాన్ని కలుగజేసిన దేవా, అన్నాడు. నాకు మనసు నిలవక ఒక కన్ను తెరిచినాను. వేడికి ఆరు అంకె మెల్లగా నడుం వంచుతోంది. దాని పక్కన ఒకటి కూడా చెమటలు కారుస్తోంది. ఎర్రటి మైనం చుక్క అంచు దాకా వచ్చి, క్రీము మీద పడదామా వద్దా అని చూస్తోంది. ఎదురుగా మా నాయన. ఆయనకీ ఒక కన్ను తెరిచుంది. ఆయన చూపు కూడా ఆ చుక్క మీదే ఉంది.

నీటిని ఆరిన నేలని వేరు చేసిన దేవా, అన్నాడు. చుక్క పడింది. ఇంకోటి తయారవుతోంది.

ఆయన గొంతు ఒక్క క్షణం ఆగింది. సృష్టిని, ప్రళయాన్ని, దేశాన్ని, ఆస్పత్రుల్ని ఎక్కడివక్కడ వదిలేసి ఒక్క దూకు దూకింది.

"ఈ బిడ్డని మాకిచ్చినావు. పదహారేళ్లు కాపాడినావు. స్తోత్రం. ఆమేన్."

నేను పుట్టినాక మా నాయన అంత చిన్న ప్రార్థన చెయ్యగా వినలేదు. మేమంతా ఇంకా తలలు వంచుకోనే ఉన్నాం, ఇంకా ఉందేమోనని.

"ఊదు పాపా" అన్నాడాయన. "మైనం కారతా ఉంది."

కెజియా ఊదింది. పిల్లలు పాట అందుకున్నారు, లిల్లీ కూడా. మా నాయన పాడలేదు. కానీ కుర్చీ చేతి మీద ఆయన వేళ్లు ఆడుతున్నాయి. పిల్ల మొదటి ముక్క కోసి ఆయన నోటికందిస్తే, మైనం లేని చోట కొయ్యొచ్చు గదమ్మా అన్నాడు గానీ నోరు తెరిచినాడు.

సాయంత్రం చిన్నపోలయ్య తను పాడిన పెట్టెలోంచి రొయ్యలు తీసి ఒక గిన్నెడు పంపించినాడు. పెద్దాయన పెట్టెలో సరుకెట్లుందో కనుక్కోమన్నాడంట. చాలా బాగుందని చెప్పి పంపించినాం. లిల్లీ వేపుడు చేసింది. భోజనాల దగ్గర జోయెల్, "తాతా, జులై ఒకటి ఎంతో దూరం లేదు" అన్నాడు.

"నోరు మూసుకోని తిను" అన్నాడు మా నాయన. తర్వాత పళ్లెంలోకి చూసుకుంటానే, "ఊళ్లో సగంమందికి కేకు పంచాలంటే ఎంత పెట్టె కావాల్రా" అన్నాడు.